ఊనో స్టార్టర్ కిట్ రివ్యూ: ఎరుపు, నీలం, ఎరుపు, నీలం

ఈ ఊనో కిట్టు (ఊనో అంటే మనం రాసిన ప్రోగ్రాంను నడిపే ఆర్డుయినో అనే రకం చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి, లేకపోతే నా ఏడుపు మీకు అర్థం కాదు. 2025 వినాయక చవితికి మా కాలనీ మంటపం లైట్ల పని నా నెత్తిన పడింది. "మీరు సాఫ్ట్‌వేర్ కదండీ, ఏదైనా వెరైటీగా చేయండి" అన్నారు కమిటీవాళ్ళు. నేను వెబ్‌సైట్లు రాసుకునేవాణ్ణి బాబూ, ప్లగ్గు పీకాలన్నా భయమే నాకు, అంటే ఎవరు వింటారు. అడిగింది మాత్రం చిన్న పనే. ఎరుపు సీరియల్ సెట్లు ఎనిమిది, నీలం సెట్లు ఎనిమిది, ఒక సెకను ఇవి వెలగాలి, మరో సెకను అవి వెలగాలి. బజార్లో దొరికే సెట్లకు డబ్బా కంట్రోలర్ ఉంటుంది కానీ అది ఏ సెట్టుకు ఆ సెట్టే, పదహారు పెడితే పదహారూ వాటి ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటాయి. మాకు అన్నీ ఒక్కసారి మారాలి.

సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలంటే కోఠిలో ఆ గల్లీయే, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులన్నీ అక్కడే పుడతాయి. షాపు పేరు చెప్పను, కింద తిట్టబోతున్నాను కాబట్టి. కౌంటర్ దగ్గర కుర్రాడు నేను చెప్పేది సగం కూడా వినకుండానే "అన్నా, ఊనో కిట్ తీసుకోండి, టూ చానల్ రిలే సెపరేట్" అని డబ్బా ముందు పెట్టాడు. రిలే అంటే బోర్డు చెప్పినప్పుడు పెద్ద కరెంటును వేసి తీసే స్విచ్చు. కిట్టు 1,450 రూపాయలు, రిలే బోర్డు 130. బేరం ఆడాను, తగ్గలేదు, రెండు బ్యాటరీ క్లిప్పులు ఊరికే ఇచ్చాడు.

డబ్బాలో ఏముందంటే ఊనో బోర్డు, యూఎస్‌బీ కేబుల్, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే పలక), ఎల్ఈడీలు, రెసిస్టర్లు, నాలుగు పుష్ బటన్లు, చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లే, బజర్, ఇంకేవో సెన్సర్లు, ఓ కట్ట జంపర్ తీగలు. బోర్డు క్లోన్, అంటే నకలు. అందులో తప్పేమీ లేదు, ఆర్డుయినో వాళ్ళు డిజైన్‌ను అందరికీ తెరిచే పెట్టారు, ఎవరైనా తయారు చేసుకోవచ్చు, పేరు మాత్రం వాడుకోకూడదు. ఇటలీలో ఇవ్రేయా అనే ఊళ్ళో 2005లో మొదలైన ప్రాజెక్టు ఇది, ఆ ఊళ్ళో ఒక బారు పేరే దీనికి పెట్టారు, ఊనో బోర్డు వచ్చింది 2010లో, ఊనో అంటే ఇటాలియన్‌లో ఒకటి. ఇదంతా మా అబ్బాయికి చెబుతుంటే వాడు "నాన్నా, డ్రైవర్ ఇన్‌స్టాల్ అయిందా లేదా చూడు" అన్నాడు. వాడిది తొమ్మిదో క్లాసు.

డ్రైవర్ సంగతి నిజమే. క్లోన్లలో ఎక్కువగా సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్పు ఉంటుంది, నా పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో దానికి విడిగా డ్రైవర్ వేసేదాకా పోర్టే కనపడలేదు. కిట్టుతో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆ ముక్క ఒక్క లైను కూడా లేదు. కేబుల్ పోయిందనుకుని మూడు కేబుళ్ళు మార్చాను. ఒక గంట బూడిదలో పోసిన పన్నీరు.

ఆ తర్వాత మాత్రం హాయి. బోర్డు మీదే 13వ పిన్నుకు ఒక చిన్న ఎల్ఈడీ ఉంటుంది, ఐడీఈలో (ప్రోగ్రాం రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) బ్లింక్ అనే ఉదాహరణ తెరిచి అప్‌లోడ్ కొడితే ఒక సెకను వెలుగు, ఒక సెకను చీకటి. సోల్డరింగ్ లేదు, మీటర్ లేదు, పది నిమిషాల్లో ఏదో సాధించిన ఫీలింగు. ఆ ఒక్కదానికే ఈ బోర్డుకు సగం మార్కులు ఇచ్చేయొచ్చు.

రెండు రంగులు మార్చడం కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. రంగు అని ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టుకుని, సెకను కాగానే రంగు = 1 - రంగు. సున్నా ఉంటే ఒకటి అవుతుంది, ఒకటి ఉంటే సున్నా అవుతుంది. ఒక పిన్నుకు రంగు, రెండో పిన్నుకు దాని వ్యతిరేకం. పుస్తకంలో ఉన్న పద్ధతే, డిలే 1000 (వెయ్యి మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను ఆగు) అని రాసి, మార్చి, మళ్ళీ డిలే 1000. రిలేలు టక్ టక్ మన్నాయి. చవితికి ముందురోజు మా ఎలక్ట్రీషియన్ వచ్చి 230 వోల్టుల వైపు అంతా ఆయనే కట్టాడు (అది మీరు కూడా ఆయనలాంటి వాళ్ళ చేతే కట్టించండి, రిలే బోర్డు కింద 230 వోల్టుల వైపు టంకం చుక్కలన్నీ కరెంటుతోనే ఉంటాయి, నేను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాను). ఆయన చూసి నవ్వాడు. "సార్, ఒక్క రిలే చాలు కదా దీనికి" అన్నాడు. నిజమే మరి! రిలేకు మూడు స్క్రూలు ఉంటాయి, నడుమది కామన్, ఒకపక్క ఎన్ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఇంకోపక్క ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది). రిలే పడితే కరెంటు ఎన్ఓకి, వదిలితే ఎన్‌సీకి. ఎరుపు ఒకపక్క, నీలం ఒకపక్క కడితే ప్రోగ్రాంలో వ్యతిరేకం కూడా అక్కర్లేదు, ఇనుప రేకు ముక్కే మార్చేస్తుంది. రెండు రిలేలు ఉన్న బోర్డు అంటగట్టాడని ఆ కుర్రాణ్ణి మనసులో తిట్టుకున్నాను, అయినా రెండూ ఉన్నాయి కదా అని రెండూ కట్టించాను.

ఇంకో చికాకు. ఇలాంటి రిలే బోర్డుల్లో చాలావరకు తిరకాసు లాజిక్కు, పిన్ను "లో" (సున్నా వోల్టులు) అయితే రిలే పడుతుంది, "హై" (ఐదు వోల్టులు) అయితే వదులుతుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ రెండు రంగులూ ఒక్క క్షణం కలిసి వెలిగి ఆరేవి. పిన్నును అవుట్‌పుట్ అని చెప్పే లైనుకు ముందే దానికి హై రాయాలి, అప్పుడు ఆ మెరుపు పోతుంది. రిలే బోర్డు మీద గానీ, కిట్టు పుస్తకంలో గానీ ఈ మాట లేదు.

మొదటి రోజు సాయంత్రం అంతా బ్రహ్మాండం. పిల్లలు గెంతులు. రాత్రి హారతి టైంకి పంతులు గారు పిలిచారు. "నాయనా, ఆ టకటక కాస్త ఆపుతావా, మంత్రం మధ్యలో లెక్క తప్పుతోంది" అన్నారు. డబ్బా ఆయన కూర్చునే పీట వెనకే ఉంది. ఆపేస్తే మంటపం సగం చీకటి. హారతి జరిగినంతసేపూ రెండు రంగులూ వెలిగి ఉండాలి, మళ్ళీ నొక్కితే మార్పు మొదలవ్వాలి. అప్పుడర్థమైంది రెండు రిలేలు ఉండటం ఎంత మంచిదైందో, ఒక్క రిలేతో రెండూ కలిపి వెలిగించడం కుదరదు. కుర్రాడికి మనసులోనే సారీ చెప్పాను.

బటన్ పెట్టాను. నొక్కితే పలకదు. గట్టిగా నొక్కినా పలకదు. ఎప్పుడో ఒకసారి పలుకుతుంది. డిలే 1000 అంటే బోర్డు ఆ సెకనంతా గుడ్లప్పగించి నిలబడిపోతుంది, మధ్యలో బటన్ నొక్కారా లేదా అని చూడదు. పంతులు గారు గంట వాయిస్తున్నట్టు వరుసగా నొక్కుతుంటే చూడలేకపోయాను.

దీనికి మందు మిల్లిస్. బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు అయ్యాయో అది చెబుతుంది. పోయినసారి ఎప్పుడు మార్చానో గుర్తుపెట్టుకుని, ప్రతి చుట్టులో "ఇప్పుడు తీసేయ్ అప్పుడు, వెయ్యి దాటిందా?" అని చూసుకోవడమే. దాటితే మార్చు, లేకపోతే ముందుకు పో, బటన్ చూడు, మళ్ళీ రా. ఎక్కడా నిలబడదు. డిలే లేకుండా బ్లింక్ చేసే ఉదాహరణ ఐడీఈలోనే ఉంది, డిజిటల్ ఫోల్డర్‌లో. కిట్టు పుస్తకం మాత్రం 30 పాఠాల్లో ఒక్క చోట కూడా దాని జోలికి పోలేదు, ప్రతి పాఠంలోనూ డిలేలే. పుస్తకానికి సున్నా మార్కులు, మొహమాటం లేకుండా.

ఇక్కడ నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఒంటిగంటకు ఇంట్లో బ్రెడ్‌బోర్డు మీద ఎరుపు, నీలం ఎల్ఈడీలు పెట్టి కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. చక్కగా మారుతున్నాయి, బటన్ కూడా పలుకుతోంది. నీళ్ళు తాగి వచ్చేసరికి రెండూ కలిసి సగం వెలుగుతో మసగ్గా ఉన్నాయి. రీసెట్ నొక్కాను, బాగైంది. కాసేపటికి మళ్ళీ అదే. మా వాడు నిద్రపోకుండా పక్కనే కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి "నాన్నా, ప్రతిసారీ 32 సెకన్లు దాటగానే చెడుతోంది" అన్నాడు. ముప్పై రెండు అనగానే తల కొట్టుకున్నాను.

ఊనోలో ఇంట్ (అంకె దాచే మామూలు రకం) అంటే 16 బిట్లు, 32,767 దాటి పట్టదు, దాటితే మైనస్‌లోకి దూకుతుంది. పోయినసారి మార్చిన టైంను నేను ఇంట్‌లో దాచాను. 32.767 సెకన్లు దాటగానే ఆ విలువ నెగటివ్ అయింది, ఇక తీసివేత ఎప్పుడు చేసినా కనీసం 65,536 వస్తోంది, అది వెయ్యి కంటే ఎక్కువే కదా, కాబట్టి ప్రతి చుట్టులోనూ రంగు మారిపోతోంది, సెకనుకు వేల సార్లు. కళ్ళకు అది సగం వెలుగులా కనపడుతోంది. ఐడీఈ ఉదాహరణలో అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని, పెద్ద అంకెలు పట్టే రకం) అని శుభ్రంగా రాసి ఉంది, ఆఫీసులో రోజూ జావాస్క్రిప్ట్ రాసే పొగరుతో నేనే దాన్ని ఇంట్ చేశాను. జావాస్క్రిప్ట్‌లో సెట్‌ఇంటర్వల్ (ఇంతసేపటికోసారి ఈ పని చెయ్యి అనే ఆదేశం) అని రాసి, అందులో విలువ తిరగేసి వదిలేస్తాం, అంకె ఎంత పెద్దదైతే మనకేంటి. (అక్కడా ఒక హద్దు ఉందనుకోండి, 214 కోట్ల చిల్లర మిల్లీసెకన్లు, అంటే 24.8 రోజులు దాటిన గడువు ఇస్తే ఆగకుండా వెంటనే పేలుతుంది, కానీ అంత గడువు ఎవరిస్తారు.)

అన్‌సైన్డ్ లాంగ్‌కూ హద్దు ఉంది, 32 బిట్లు, 49 రోజుల 17 గంటలు గడిచాక మిల్లిస్ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. చాలామంది దీనికి భయపడి బోర్డును నెలకోసారి రీస్టార్ట్ చేస్తుంటారు, అక్కర్లేదు. ఇప్పుడు మైనస్ అప్పుడు అని తీసివేతగా రాస్తే సున్నా దాటేటప్పుడు కూడా తేడా సరిగ్గానే వస్తుంది. "అప్పుడు ప్లస్ వెయ్యి కంటే ఇప్పుడు ఎక్కువా" అని కూడికగా రాసినవాళ్ళకే తంటా.

రెండో రోజు నుంచి హారతి బటన్ బాగా పనిచేసింది. బటన్ ఒకసారి నొక్కితే రెండు మూడుసార్లు నొక్కినట్టు చదువుకునే జబ్బు ఉంటుంది, లోపల రేకు కొన్ని మిల్లీసెకన్లు గిలగిల్లాడుతుంది కాబట్టి. ఒక మార్పు అయ్యాక 50 మిల్లీసెకన్లు పట్టించుకోకుండా ఉంటే చాలు.

నాలుగో రోజు కమిటీకి ఆశ పుట్టింది. వీధి మొదట్లో ఆర్చి కట్టారు, దానికీ ఇలాగే కావాలట. ఇంకో ఊనో కొన్నాను, విడి బోర్డు, అదే షాపులో 380. అదే ప్రోగ్రాం. రెండు స్విచ్చులూ ఫోన్‌లో లెక్కపెట్టుకుని ఒకేసారి వేశాం. ఆరు గంటలకు ఆర్చి ఎరుపు, మంటపం ఎరుపు. ఆరున్నరకు ఆర్చి ఎరుపు, మంటపం నీలం. బోర్డు పాడైందని తీసుకెళ్ళి షాపువాడి మీద అరిచాను, వాడు మార్చి ఇచ్చాడు, మారిస్తే కూడా అంతే. తప్పు బోర్డుది కాదు. ఒరిజినల్ ఊనో ఆర్3లో కూడా ప్రధాన చిప్పు ఏటీమెగా328పీకి గడియారంగా ఉన్నది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, సిరామిక్ రెజొనేటర్, అది అంత కచ్చితంగా కొట్టుకోదు. రెండు బోర్డుల మధ్య వెయ్యికి ఒక వంతు తేడా ఉన్నా వెయ్యి సెకన్లకు, అంటే పావుగంట దాటీ దాటగానే, ఒక సెకను తేడా వచ్చేస్తుంది, మన రంగు మారేదే సెకనుకోసారి, ఇంకేముంది, ఎదురెదురు. చివరకు రెండో బోర్డు పక్కన పెట్టి, ఆర్చి దగ్గర రిలే బోర్డు ఒక్కటే ఉంచి, దాన్ని మంటపం బోర్డు నుంచే తీగ లాగి నడిపించాం. టైం కచ్చితంగా కావాలంటే డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ విడిగా దొరుకుతుంది, మామూలు వాతావరణంలో ఏడాదికి సుమారు ఒక నిమిషం కంటే ఎక్కువ తేడా రాదు. సాయంత్రం ఆరుకు వెలగాలి, పన్నెండుకు ఆరాలి లాంటి వాటికి అదే పెట్టుకోండి, మిల్లిస్ లెక్కలు నమ్ముకోకండి.

ఇక రిలే. తొమ్మిదో రోజు రాత్రి ఎరుపు సెట్లు వెలిగినవి వెలిగినట్టే ఉండిపోయాయి. టక్ టక్ వినపడుతోంది, ఎరుపు మాత్రం ఆరదు. మెయిన్ ఆపి, మూత తీసి, టెస్టర్ పిడితో రిలే నెత్తి మీద ఒకటి తడితే విడిపోయింది. కాంటాక్టులు (లోపల కలిసి విడిపోయే రేకులు) అతుక్కున్నాయన్నమాట. అప్పుడు లెక్క వేశాను. రోజుకు ఆరు గంటలు, రెండు సెకన్లకు ఒకసారి పడి లేవడం, అంటే రోజుకు 10,800. తొమ్మిది రోజులకు 97,200. ఇలాంటి నీలం డబ్బా రిలేల డేటాషీట్లలో పూర్తి లోడు మీద ఆయుష్షు లక్ష సార్లని ఉంటుంది. మా లోడు అందులో పదో వంతు కూడా లేదు కాబట్టి లెక్క ప్రకారం ఇంకా చాలా రోజులు బతకాలి, కానీ చవక ఎల్ఈడీ సెట్లు ఆన్ అయిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, ఎనిమిది కలిసి లాగితే ఆ నిప్పురవ్వకే అతుక్కుని ఉంటుంది. ఏమైనా పదకొండు రోజుల పండగకు సెకనుకోసారి రిలే మార్చాలన్న ఆలోచనే తప్పు, అది నాది. మిగిలిన రెండు రోజులూ నాలుగు సెకన్లకోసారి మార్చాను, పిల్లలు "అంకుల్, బోర్" అన్నారు, నిమజ్జనం దాకా లాగించాం.

భీమవరంలో మా బావమరిదికి రొయ్యల చెరువులున్నాయి. ఈ కథ ఫోన్‌లో విని "బావా, నాకు రెండు ఏరేటర్లు అరగంటకోటి మారేలా చేసిపెట్టు" అన్నాడు (ఏరేటర్ అంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే మోటారు). సరదాగా బల్బుల మీద ట్రై చేశాను. అరగంట అని 30 * 60 * 1000 అని రాశాను. అరగంటకు మారాల్సినవి అర నిమిషానికే మారిపోతున్నాయి. గుణించేది కూడా 16 బిట్లలోనే కదా, 18 లక్షలు పట్టక పొర్లిపోయి 30,528 మిగిలింది, అంటే 30 సెకన్ల చిల్లర. 30 నిమిషాలు రాస్తే 30 సెకన్లు రావడం ఉత్త యాదృచ్ఛికం, కానీ చూసేవాడికి నిమిషాలకు బదులు సెకన్లు రాశామేమో అనిపిస్తుంది, నేను గంటసేపు అదే వెతికాను. ఐడీఈ నుంచి ఒక్క వార్నింగ్ కూడా కనపడలేదు. అంకె వెనక యూఎల్ (అన్‌సైన్డ్ లాంగ్) అని రెండక్షరాలు తగిలిస్తే సరి. బావమరిదికి మాత్రం వద్దని చెప్పేశాను. అక్కడ మోటార్లు, కాంటాక్టర్లు, ఉప్పు గాలి, ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. దానికి ప్యానెల్‌లో బిగించే సైక్లిక్ టైమర్లు రెడీమేడ్‌గా వస్తాయి, అవి కొనుక్కోమన్నాను. బొమ్మల బోర్డుతో రొయ్యల చెరువులు నడపకూడదు.

ఇంకొక్క మాట, కరెంటు పోయి వస్తే బోర్డు పాత రంగు మర్చిపోతుంది, మళ్ళీ ఎరుపు నుంచి మొదలు. లైట్లకు పర్లేదు. అపార్ట్‌మెంట్లో రెండు మోటార్లు వంతులవారీగా నడపాలంటే మాత్రం పోయినసారి ఏది నడిచిందో గుర్తుండాలి, దానికి చిప్పులోనే 1 కేబీ ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) ఉంది. అందులో ప్రతి సెకనూ రాయకండి, దాని ఆయుష్షూ లక్ష రాతలే, సెకనుకోటి చొప్పున ఒకే చోట రాస్తే 28 గంటలు తిరక్కముందే లక్ష అయిపోతుంది. మోటారు మొదలైనప్పుడు ఒకసారి రాస్తే ఏళ్ళు వస్తుంది.

మార్కులు. బోర్డుకు ఐదుకు నాలుగున్నర, ఇన్ని రోజులు వానలో, దుమ్ములో, ధూపంలో ఉండి ఒక్కసారి కూడా తనంతట తాను ఆగలేదు. జంపర్ తీగలకు ఒకటి, పదింటిలో మూడు లోపల తెగిపోయే ఉన్నాయి. రిలే బోర్డుకు రెండున్నర. పుస్తకం గురించి చెప్పేశాను. షాపుకు మూడు, బోర్డు మార్చి ఇచ్చాడు కాబట్టి, నేను అరిచినా అరవలేదు కాబట్టి, డ్రైవర్ సంగతి ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. కొనబోయే ముందు వోక్వి అనే సైట్‌లో ఊనోను బ్రౌజర్‌లోనే నడిపి చూడొచ్చు, డబ్బులక్కర్లేదు. నా 32 సెకన్ల తప్పు అందులో కూడా అలాగే వస్తుంది, మా వాడు చేసి చూపించాడు. పిల్లలకు నేర్పడానికైతే నిస్సంకోచంగా కిట్టు కొనండి. కేవలం లైట్లు మార్చడానికే అయితే 1972 నుంచి దొరుకుతున్న 555 టైమర్ చిప్పు పది ఇరవై రూపాయలకు ఆ పని చేస్తుంది, ప్రోగ్రామూ వద్దు, డ్రైవరూ వద్దు, హారతి బటన్‌కు మాత్రం తల బద్దలు కొట్టుకోవాలి.

దీపావళికి మా బాల్కనీకి సాలిడ్ స్టేట్ రిలేలు తెచ్చి పెట్టాను, లోపల కదిలే రేకు లేదు, టకటక లేదు, అతుక్కునేదీ లేదు. కానీ ఆరినప్పుడు కూడా ఎల్ఈడీలు సన్నగా మిణుకుమంటున్నాయి. ఆ రిలేలు ఆఫ్‌లో ఉన్నా పిసరంత కరెంటు కారుతుంది, ఎల్ఈడీలకు ఆ పిసరే చాలు. మా ఎలక్ట్రీషియన్ చూసి ఒక్కో సెట్టుకు పక్కన ఒక పాత జీరో బల్బు కట్టాడు, ఆ కారే కరెంటంతా అది మింగేసింది. ఇప్పుడు మా తులసికోట వెనక ఎరుపుతో ఒక జీరో బల్బు, నీలంతో ఒక జీరో బల్బు, అవి కూడా వంతులేసుకుని వెలుగుతున్నాయి.